కొలను పక్కవారిది - మర్యాద మనది

సెలవులకు ఊరు దాటి వెళ్ళేవారు తెలుసుకోవలసిన సంగతులు

పెళ్ళికో, తీర్థానికో, పిల్లల సెలవులకో ఊరు దాటి వెళ్ళి లాడ్జిలో దిగడం గోదావరి డెల్టా గ్రామాలవారికి ఇప్పుడు వింత కాదు. విశాఖ వెళ్ళినా, హైదరాబాదు వెళ్ళినా, చివరకు దగ్గరలోని దిండికి వెళ్ళినా పిల్లల చూపు ముందు పడేది ఈత కొలను మీదనే. అయితే తక్కువ అద్దె లాడ్జిలో కొలను వుండదు. పక్కనున్న పెద్ద హోటలులో నీలంగా మెరుస్తూ కనిపిస్తుంది. గేటు తీసే వుంటుంది. "నీళ్ళే కదా, ఒక మునక వేసి వస్తే ఏం పోయింది?" అనిపిస్తుంది. కాలువలో, చెరువులో ఎవరినీ అడగకుండా ఈదుతూ పెరిగినవారికి అలా అనిపించడం సహజమే.

చిక్కు అక్కడే వస్తుంది. కాసేపటికి కాపలా మనిషి వచ్చి గది నెంబరు అడుగుతాడు. చెప్పలేకపోతే నలుగురూ చూస్తుండగా తడిబట్టలతో బయటకు నడవాలి. పిల్లల ముందు ఆ తలవంపు మామూలుది కాదు. సెలవు సరదా అంతా ఆ పూటతో సరి.

హోటలువారు గేటు దగ్గర ఏమి అడగవచ్చు, ఏమి అడగకూడదు అన్న రెండు సంగతులూ తెలిసివుంటే ఈ తలవంపు వుండదు. అడగవలసినవి అడిగినప్పుడు జవాబు చెప్పడం మర్యాద. అడగకూడనిది అడిగితే నిలదీయడం హక్కు.

ఆ నీళ్ళు ఎవరివి?

హోటలు కొలను ఊరి చెరువువంటిది కాదు. రైతు బోరు దగ్గర కట్టుకున్న నీళ్ళ తొట్టివంటిది. అందులో ప్రతి బిందె వెనుకా ఖర్చు వుంటుంది. పన్నెండు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు వున్న చిన్న కొలనులో పట్టే నీరు 86,400 లీటర్లు. ఆ నీటిని రోజూ పారబోసి కొత్తనీరు పట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే మోటారు పెట్టి నీటిని తోడి, ఇసుక వడపోత గుండా పంపి, క్లోరిన్ కలిపి మళ్ళీ కొలనులోకే వదులుతారు. ఈ యంత్రం రోజులో చాలా గంటలు తిరుగుతూనే వుండాలి.

క్లోరిన్ లీటరు నీటికి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు వుంటే చాలు. రెండు మిల్లీగ్రాముల లెక్కన చూస్తే పైన చెప్పిన కొలను మొత్తంలో వుండేది 173 గ్రాములు మాత్రమే. క్రిములను చంపే పని అంతా ఆ గుప్పెడు మందే చేయాలి. దిగేవారు పదిమంది అయితే ఒక లెక్క, వందమంది అయితే ఒక లెక్క. చెమట, నూనె, మట్టి పెరిగినకొద్దీ మందు తరిగిపోతుంది. కొలను ఖర్చును గది అద్దెలో కలిపి వసూలు చేస్తారు. కనుక హోటలువారు "మీరు మా దగ్గర దిగారా?" అని అడగడంలో అన్యాయం లేదు.

ఈ కట్టుబాటు మన దేశానిదే కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 1971లో ప్రారంభమైన డిస్నీ వరల్డ్ అనే పెద్ద వినోద కేంద్రం వుంది. దాని పరిధిలో ఇరవైకి పైగా హోటళ్ళున్నాయి. అయినా ఒక హోటలులో దిగినవారు సాధారణంగా మరో హోటలు కొలనులో దిగరాదన్నది అక్కడి నియమం. ఒక కొలను వదిలి మరో కొలనుకు గెంతే ఈ అలవాటుకు అక్కడివారు 'పూల్ హాపింగ్' అని పేరు కూడా పెట్టారు. ఏ హోటలు కొలను ఆ హోటలు గదుల లెక్కకు తగినట్టు కట్టినదే. బాగున్నచోటికి అందరూ ఎగబడితే అక్కడ అద్దె కట్టినవారి పిల్లలకే చోటు వుండదు కదా.

దొడ్డిదారి వద్దు

పక్క హోటలు కొలనులో దిగడానికి సక్రమమైన దారులు లేకపోలేదు. మొదటిది టిక్కెట్టు. నగరాల్లోని చాలా హోటళ్ళు, ఊరి చివర రిసార్టులు బయటివారికి కూడా పూటకింతని డబ్బు తీసుకుని కొలను వాడుకోనిస్తాయి. కొన్నిచోట్ల భోజనంతో కలిపి 'డే ఔట్' అనే పేరుతో ఒకే ధర పెడతారు. రెండవది దిగిన లాడ్జి ద్వారా వెళ్ళడం. కొన్ని చిన్న లాడ్జీలకు పక్కనున్న పెద్ద హోటలుతో ఏర్పాటు వుంటుంది. గది తీసుకునేటప్పుడే ఈ సంగతి అడగడం మంచిది. మూడవది అతిథిగా వెళ్ళడం. బావగారో, పినతండ్రిగారి అబ్బాయో ఆ హోటలులో దిగివుంటే, వారి వెంట వెళ్ళవచ్చు. అయితే బంధువు రమ్మన్నంత మాత్రాన సరిపోదు. హోటలువారి అనుమతి కూడా కావాలి. ఇద్దరు వెళితే కాదనని మేనేజరు, పెళ్ళి బస్సు మొత్తం దిగితే కాదనక తప్పదు.

ఏ దారిలో వెళ్ళినా అడగవలసిన చోటు కౌంటరే గాని గేటు కాదు. కాపలా మనిషి చేతిలో వంద నోటు పెట్టి లోపలికి పోవడం ఇరువురికీ ముప్పే. దిగినవారి చేతిలో రసీదు వుండదు. పట్టుబడితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది. జరగరానిది జరిగితే లోపలికి ఎలా వచ్చారన్న ప్రశ్నకు జవాబు వుండదు.

కౌంటరు దగ్గర ముందుగా తేల్చుకోవలసినవి కొన్ని వున్నాయి. పెద్దవారికి ఎంత, పిల్లలకు ఎంత? ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు? తువ్వాలు వారిస్తారా, మనమే తెచ్చుకోవాలా? ఈత దుస్తులు తప్పనిసరా? ఆడవారికి వేరే వేళలు వున్నాయా? లోతు ఎంత, కాపలా ఈతగాడు వున్నాడా? ఇవన్నీ తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టి రసీదు పుచ్చుకోవాలి. కట్టిన తరువాత "చీరతో దిగనివ్వం" అన్నారని తగవు పడినా లాభం వుండదు.

దిగేముందు నిమిషం స్నానం

కొలను దగ్గర గొడవలు ఎక్కువగా బట్టల గురించే వస్తుంటాయి. లుంగీ, చీర, బనియను, నూలు నిక్కరు వద్దంటారు. పల్లెవారిని చిన్నచూపు చూడడానికే ఈ నియమం పెట్టారని కొందరు నొచ్చుకుంటారు. నిజానికి ఇందులో కారణం వుంది. నూలు బట్ట నుంచి రాలే పీచు వడపోతలో చిక్కుకుంటుంది. కొత్తబట్ట అయితే రంగు వదులుతుంది. అన్నిటికీ మించి తడిసిన చీర, లుంగీ కాళ్ళకు చుట్టుకుని ఈత వచ్చినవారిని కూడా ముంచగలవు. ఒంటినిండా వుండే నైలాను ఈత దుస్తులు ఆడవారికి, మగవారికి కూడా బజారులో దొరుకుతున్నాయి. ఒళ్ళు కనబడుతుందని ఆడవారు సంకోచించవలసిన పని లేదు.

రెండవది తలనూనె. కొబ్బరినూనె రాసుకున్న తలతో దిగితే నూనె తెట్టుగా పైకి తేలి గట్టున జిడ్డుచారగా అంటుకుంటుంది. దిగేముందు ఒక నిమిషం ఒంటిమీద నీళ్ళు పోసుకుంటే చెమట, మట్టి చాలావరకు పోతాయి. కొలను పక్కనే జల్లుస్నానం ఏర్పాటు వుండేది అందుకే. ఆ స్నానం ఈత ముగిశాక మాత్రమే చేసేది అనుకోవడం పొరపాటు. ముందూ చేయాలి, తరువాతా చేయాలి. కొలనులో మాత్రం సబ్బు పనికిరాదు.

మూడవ సంగతి పైకి చెప్పుకోలేనిది. పిల్లలు నీళ్ళలోనే మూత్రం పోస్తారు. కొందరు పెద్దలూ పోస్తారు. ఈతకొట్టి వచ్చాక కళ్ళు ఎర్రబడితే "క్లోరిన్ ఎక్కువ కలిపారు" అని హోటలువారిని తిడతారు. మూత్రం, చెమట క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే పదార్థాలే ఎక్కువగా కళ్ళు మండిస్తాయి. ఘాటైన వాసనా వాటిదే. వాసన గుప్పున కొడితే నీరు శుభ్రంగా వుందని కాదు, లేదని అనుమానించాలి.

విరేచనాలు అవుతున్న పిల్లలను ఎంత ఏడ్చినా దించకూడదు. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మక్రిమి సరిపడా క్లోరిన్ వున్న నీటిలో కూడా వారం రోజులకు పైగా బతకగలదు. ఒక పిల్లవాడి కడుపునొప్పి ఆ కొలనులో దిగిన పది ఇళ్ళ పిల్లలకు పాకుతుంది.

ఇక గట్టు మీద మర్యాదలు. కొలను చుట్టూ వేసిన కుర్చీల మీద తువ్వాలు పరిచివుంటే ఎవరో అట్టిపెట్టుకున్నారని అర్థం. గాజుసీసాలు, గాజుగ్లాసులు అటువైపు తీసుకుపోరాదు. పగిలిన గాజు నీళ్ళలో కనబడదు. మద్యం పుచ్చుకుని దిగరాదు. ఈతకొట్టే ఆడవారిని తేరిపార చూడడం, సెల్‌ఫోనుతో ఇతరుల పిల్లల ఫోటోలు తీయడం అన్నిటికంటే పెద్ద అమర్యాద. ఊళ్ళో ఆడవారు స్నానం చేసే రేవుకు మగవాడు దగ్గి వెళ్ళేవాడు. ఆ పద్ధతి ఇక్కడా వర్తిస్తుంది.

కాలువ ఈత వేరు, కొలను ఈత వేరు

డెల్టాలో పుట్టినవారికి ఈత ఎవరూ నేర్పనక్కరలేదంటారు. కాలువ వంతెన మీదనుంచి తలకిందులుగా దూకే కుర్రవాళ్ళకు హోటలు కొలను ఆటబొమ్మలా కనిపిస్తుంది. అదే ప్రాణం మీదకు తెచ్చే పొరపాటు. హోటలు కొలను చాలాచోట్ల మూడున్నర, నాలుగు అడుగులకు మించి లోతు వుండదు. కింద వుండేది మెత్తని ఒండ్రు కాదు, పలకరాళ్ళు పరచిన సిమెంటు. తలకిందులుగా దూకితే మెడ ఎముక విరిగి, జన్మంతా మంచానికి అతుక్కుపోయే ప్రమాదం వుంది. గట్టు మీద అడుగుల్లోనో, మీటర్లలోనో రాసివున్న అంకెలు చదివి, కాళ్ళతోనే మెట్ల మీదుగా దిగాలి. మీటరు అంటే సుమారు మూడు అడుగుల మూడు అంగుళాలని గుర్తుంచుకోవాలి.

పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. మునిగిపోయే పిల్లవాడు చేతులు ఊపి, కేకలు వేసి పిలుస్తాడనుకోవడం సినిమాల వల్ల వచ్చిన భ్రమ. నోరు నీటిమట్టానికి చేరాక కేక రాదు. చప్పుడు లేకుండా, నిమిషాల్లో అయిపోతుంది. చాలా హోటళ్ళలో కాపలా ఈతగాడు వుండడు. "మీ పూచీ మీదనే దిగండి" అని బోర్డు మాత్రం వుంటుంది. పదిమంది పెద్దలు గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, ఎవరికివారు మరొకరు చూస్తున్నారనుకుంటారు. ఫలానా గంటకు ఫలానావారు అని ఒకరిని నియమించుకోవాలి. ఆ మనిషి చేతిలో సెల్‌ఫోను వుండకూడదు. చిన్నపిల్లలకు చేయి చాచితే అందేంత దూరంలోనే పెద్దవారు నీళ్ళలో వుండాలి.

ఒకవేళ ఎవరైనా మునిగితే పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం వంటి పాత పద్ధతులు ప్రాణానికే చేటు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లో నోరుపెట్టి ఊపిరి ఊదాలి. ఆపై ఛాతీ మధ్యన గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం సాయం వచ్చేదాకా సాగించాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. తేరుకున్నా సరే ఆసుపత్రిలో చూపించవలసిందే.

గేటు దగ్గర అడగకూడనిది

డబ్బు, శుభ్రత, లెక్క - ఈ మూడింటి గురించి హోటలువారు ఎన్నైనా అడగవచ్చు. కాని ఒక్కటి అడగడానికి వీలులేదు. అది పుట్టుక.

డిస్నీ వరల్డ్ వున్న ఫ్లోరిడాలోనే సెయింట్ అగస్టీన్ అనే పాత పట్టణం వుంది. అక్కడి మాన్సన్ మోటార్ లాడ్జిలో నల్లవారికి ప్రవేశం వుండేది కాదు. 1964 జూన్ 11న ఆ లాడ్జి భోజనశాల మెట్ల దగ్గర మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. వారం తిరిగాక, జూన్ 18న, అక్కడ గది తీసుకున్న తెల్ల ఉద్యమకారులు తమ అతిథులుగా నల్లవారిని కొలనులోకి పిలిచారు. అద్దె కట్టినవారి అతిథులమే కదా అన్నది వారి వాదన. లాడ్జి మేనేజరు కోపంతో కొలను కడిగే యాసిడ్ డబ్బా తెచ్చి, మనుషులు ఈదుతున్న నీళ్ళలోనే పోశాడు. పోలీసులు నీళ్ళలోకి దిగి మరీ అరెస్టు చేశారు. అంత నీటిలో ఆ యాసిడ్ పలచబడిపోయి ఈతగాళ్ళు క్షేమంగానే బయటపడ్డారు గాని, ఆ ఫోటో ప్రపంచమంతా పాకింది. మరునాడే అమెరికా సెనేట్ పౌరహక్కుల బిల్లును ఆమోదించింది. జూలై 2న అది చట్టమై, హోటళ్ళలో రంగునుబట్టి మనుషులను వేరుచేయడాన్ని నిషేధించింది. ఆ లాడ్జిని 2003లో పడగొట్టారు. కింగ్ నిలబడిన మెట్లను మాత్రం గుర్తుగా వుంచారు.

అంతదూరం పోనవసరం లేదు. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం 1924లోనే తీర్మానించింది. అది కాగితం మీదనే వుండిపోయింది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలాదిమందితో కదిలి వెళ్ళి ఆ చెరువు నీళ్ళు తాగారు. చెరువు మైలపడిందంటూ అగ్రవర్ణాలవారు శుద్ధి చేయించారు. చెరువు సొంత ఆస్తి అని కోర్టుకెక్కారు. పదేళ్ళ తరువాత, 1937లో, బొంబాయి హైకోర్టులో దళితులే గెలిచారు.

తెలుగునాట కారంచేడును మరువలేము. 1985 జూలైలో మంచినీళ్ళ చెరువును మురికి చేయవద్దన్న మాట దగ్గర మొదలైన తగవు మరునాటికి ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. నీటి మర్యాద చెప్పే హక్కు కూడా కొందరికే వుందనుకున్న అహంకారం ఎంతదూరం పోతుందో ఆ ఊరు చూపింది.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండవ క్లాజు ఈ సంగతినే చెబుతుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు - వీటి కారణంగా ఏ పౌరుడినీ దుకాణాలు, హోటళ్ళు, వినోదస్థలాల నుంచి ఆపరాదు. ప్రభుత్వ ధనంతో నడిచే, లేదా ప్రజలకోసం వదిలిన బావులు, చెరువులు, స్నానఘట్టాల నుంచీ ఆపరాదు. హోటలు ప్రైవేటువారిదైనా ఈ మాట వర్తిస్తుంది. అంటరానితనం పాటిస్తూ హోటలులోకో, బావి దగ్గరకో, రేవుకో రానివ్వకపోతే నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా కూడా వుంటాయి. 1955లో వచ్చిన ఈ చట్టానికి 1976లో సవరణ జరిగి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అన్న పేరు వచ్చింది.

కనుక "గది తీసుకోలేదు, టిక్కెట్టు లేదు" అని ఆపితే నొచ్చుకోనవసరం లేదు. టిక్కెట్టు కొంటానన్నా పేరు, ఊరు, పేట అడిగి ఆపితే మాత్రం చూస్తూ ఊరుకోనవసరం లేదు. ఏ కారణంతో ఆపుతున్నారో కాగితం మీద రాసి ఇమ్మని అడగాలి. సాక్షులను చూసుకుని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఊరి మర్యాద ఊరికీ అక్కరే

ఈ నియమాలు పల్లెవారికి కొత్త కావు. డెల్టా గ్రామాల్లో మంచినీళ్ళ చెరువు వేరు, వాడుక చెరువు వేరు. వేసవిలో కాలువలు కట్టేసేముందు నింపుకున్న మంచినీళ్ళ చెరువులో ఎవరూ కాలు కడగరు. గేదెలను దించరు. తిరుమల పుష్కరిణిలో మునిగేవారు సబ్బు వాడరు. నీరు పదిమందిదైనప్పుడు ప్రతివారూ కొంత తగ్గి వుండాలన్న జ్ఞానం తాతల నాటిదే. ఆ జ్ఞానంలో కులం పేరుతో కలిపిన విషాన్ని తీసివేసి, మిగిలినదాన్ని నిలుపుకుంటే చాలు.

పట్నం నుంచి సెలవులకు వచ్చే బంధువుల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. రైతు మోటారు షెడ్డు దగ్గరి తొట్టిలో అడగకుండా దూకడం, షాంపూ ప్యాకెట్లు బోదెలో పడవేయడం, మోటారు నడుస్తుండగా వైర్ల దగ్గర తడికాళ్ళతో తిరగడం ఏటా చూస్తున్నదే. రైతును ఒక మాట అడిగితే ఎవరూ కాదనరు. మోటారు ఆపి, తొట్టిలో నాచు ఎక్కడుందో, లోతు ఎక్కడుందో చూపించి మరీ దింపుతారు.

పట్నంలో కౌంటరు దగ్గర అడిగినా, ఊళ్ళో గట్టు మీద అడిగినా ఆ మాట ఒకటే. "కాసేపు దిగవచ్చునా అండీ?" అని. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అడిగినవారి పుట్టుక చూడకుండా జవాబు చెప్పడం నీళ్ళు తమవనుకునేవారి వంతు.